రోషం వేరు, అసూయ వేరు

ఆ మధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఇంజనీరింగ్ చదువుతున్న ఒక యువకుడు ఇంగ్లీషు బైబిలు చేతపట్టుకుని మా దగ్గరికొచ్చాడు. ‘అయ్యగారూ, దేవుడు ప్రేమాస్వరూపి అని మీరివాళ చెప్పారు. ప్రేమకు జెలసీ ఉండదని పౌలు రాశాడు. దేవుడేమో తాను జెలస్ అని నిర్గమకాండంలో తానే చెప్పుకున్నాడు. మూడూ కలిపి చదివితే లెక్క కుదరడం లేదు’ అన్నాడు. పక్కనే అతని నాయనమ్మ తన పాత తెలుగు బైబిలుతో నిలబడి ఉంది. ‘దేవుడికి రోషం ఉండదేమిట్రా? ఆయనకా రోషమే లేకపోతే మనల్ని ఎప్పుడో వదిలేసేవాడు’ అంది. మనవడు చదివింది ఇంగ్లీషులో, నాయనమ్మ చదివింది తెలుగులో. దేవుడొక్కడే, వాక్యమొక్కటే. కాని మనవడి కాలికి తగిలిన రాయి నాయనమ్మ కాలికి తగలనే లేదు. ఎందుకని?

ఇంగ్లీషులో జెలసీ, ఎన్వీ అని రెండు మాటలున్నాయి. ఒకదాని చోట మరొకటి వాడేయడం అందరికీ అలవాటే. స్నేహితుడు కొత్త బైక్ కొంటే ‘నిన్ను చూస్తే జెలసీగా ఉందిరా’ అంటారు మన కాలేజీ పిల్లలు. అక్కడ నిజానికి ఉండాల్సిన మాట ఎన్వీ. ఈ కలగలుపు ఎంత బలపడిపోయిందంటే, ఇంగ్లీషు నిఘంటువులు కూడా జెలసీకి అసూయ అనే అర్థాన్ని చేర్చుకున్నాయి. అయితే రెంటికీ మధ్య ఒక గట్టు ఉంది. పొరుగువాడికి ఉన్నదాన్ని చూసి ‘నాకు లేదే, వాడికెందుకుండాలి’ అని లోలోపల రగలడం ఎన్వీ. అదే మన అసూయ, మత్సరం, ఓర్వలేనితనం. తనదైన దాన్ని, తాను ప్రేమించి కట్టుబడిన దాన్ని మరొకరు లాక్కుపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోవడం జెలసీ. అసూయ కథలో ఇద్దరే ఉంటారు: కలిగినవాడు, ఓర్వలేనివాడు. జెలసీ కథలో ముగ్గురుంటారు: ప్రేమించేవాడు, ప్రేమించబడేవాడు, మధ్యలో చొరబడినవాడు.

షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లోలో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. తాను ఆశించిన పదవి కేసియోకు దక్కిందని ఇయాగో కుళ్ళిపోతాడు. అది ఎన్వీ. ఆ ఇయాగో చెప్పిన చాడీలు విని, ఏ పాపమూ ఎరుగని భార్య డెస్డిమోనాను ఒథెల్లో తన చేతులతోనే చంపుకుంటాడు. అది జెలసీ. అంటే మనిషి చేతిలో పడితే రెండోది కూడా పవిత్రంగా ఉండదన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకునే ముందుకు వెళ్ళాలి.

బైబిలు మూలభాషల్లోకి వెళితే చిక్కు మరికాస్త బిగుస్తుంది. యోసేపు మీద అన్నలు పడిన అసూయకూ (ఆది. 37:11), తన ప్రజల విషయంలో దేవుడు కనబరచిన రోషానికీ (నిర్గమ. 34:14) హెబ్రీలో ధాతువు ఒక్కటే. గ్రీకులో జేలోస్ అనే మాట కూడా అంతే. మంచికీ వాడతారు, చెడుకూ వాడతారు. ప్రేమ మత్సరపడదని కొరింథు సంఘానికి రాసిన పౌలు (1 కొరింథీ. 13:4), అదే సంఘానికి రాసిన రెండో పత్రికలో, దేవుని కోసం తాను వారిపట్ల అలాంటి తపనే కలిగి ఉన్నానని అదే క్రియాపదంతో చెప్పాడు (2 కొరింథీ. 11:2). ఇంగ్లీషులోని జెలస్, జీలస్ అనే రెండు మాటలూ ఆ జేలోస్ నుంచి పుట్టిన అక్కచెల్లెళ్ళే. ఇక గ్రీకులోనే ఫ్తోనోస్ అని ఇంకో మాటుంది. అది అచ్చంగా అసూయ. యేసును పిలాతుకు అప్పగించినవారి మనసులో ఉన్నది అదేనని మత్తయి రాశాడు (మత్తయి 27:18).

మన తెలుగు బైబిలు అనువాదకులు ఇక్కడ మనకెంతో మేలు చేశారు. దేవుని విషయంలో ‘రోషం’ అన్నారు. మనిషిలోని ఆ చెడ్డ గుణాన్ని ‘మత్సరం’, ‘అసూయ’ అన్నారు. పౌలు తపనను ‘ఆసక్తి’ అన్నారు. అందుకే నాయనమ్మ కాలికి రాయి తగల్లేదు. కాని తెలుగులోనూ మనం కొంత పోగొట్టుకున్నాం. ఇవాళ రోషం అనగానే మనకు పౌరుషం, కోపం, మీసం మెలేయడం గుర్తొస్తాయి. ఆసక్తి అంటే క్రికెట్ మీద ఉండేంత ఇష్టమే అనిపిస్తుంది. దేవుని రోషంలో కోపం ఉంది, నిజమే. కాని ఆ కోపానికి వేరు ప్రేమలో ఉంది. ఇంగ్లీషు మాటలో ప్రేమ జాడ కనిపిస్తుంది కాని అది చిన్నబుద్ధిలా వినిపిస్తుంది. తెలుగు మాటలో గాంభీర్యం ఉంది కాని ప్రేమ మరుగున పడిపోతుంది. రెండూ కలిపి వింటేనే వాక్యం మనకు పూర్తిగా వినిపిస్తుంది.

ఈ రెండు గుణాలూ ఒకే చోట, ఒకే ఘడియలో ఎదురెదురుగా నిలబడిన సందర్భం పాత నిబంధనలో ఒకటుంది. సొలొమోను రాజు ముందుకు ఇద్దరు తల్లులు వచ్చారు (1 రాజులు 3:16-28). ఇద్దరిదీ ఒకే ఇల్లు. ఇద్దరూ మూడు రోజుల తేడాతో మగబిడ్డల్ని కన్నారు. రాత్రి నిద్రలో ఒకామె తన బిడ్డ మీద పడటంతో ఆ పసివాడు చనిపోయాడు. ఆమె లేచి, చనిపోయిన బిడ్డను పక్కామె కౌగిట్లో పడుకోబెట్టి, బతికున్న బిడ్డను తన పక్కన వేసుకుంది. ఆమె దుఃఖం అబద్ధం కాదు. బిడ్డ పోయిన కడుపుకోత మామూలుది కాదు. అసూయ చాలాసార్లు ఇలాంటి నిజమైన నొప్పిలోంచే పుడుతుంది. అందుకే దాన్ని మనలో మనం గుర్తుపట్టలేం. న్యాయంగానే ఏడుస్తున్నాం అనుకుంటాం.

రాజు కత్తి తెప్పించి, బతికున్న బిడ్డను రెండు ముక్కలు చేసి చెరో ముక్క ఇమ్మన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. బిడ్డను పోగొట్టుకున్న ఆమె సరేనంది. నాకూ వద్దు, దానికీ వద్దు, నరికేయండి అంది. గమనించండి, ఆమెకు ఇప్పుడు బిడ్డ కూడా అక్కర్లేదు. పక్కామె ఒడి తన ఒడిలాగే ఖాళీ అయిపోతే చాలు. అసూయ అసలు రూపం అదే. నాకొక కన్ను పోయినా ఫర్వాలేదు, వాడికి రెండు కళ్ళూ పోవాలి అనే మనిషి గురించి మన పెద్దలు చెబుతుంటారే, ఆ మనిషే ఈమె. ఇస్సాకు పంటలు, మందలు చూసి ఓర్వలేక ఫిలిష్తీయులు చేసిన పనీ అదే. అబ్రాహాము కాలంలో తవ్విన బావులన్నిటినీ మట్టితో పూడ్చేశారు (ఆది. 26:14,15). నీటి చుక్క కోసం అల్లాడే ఆ నేలలో బావి పూడ్చితే నష్టం ఇస్సాకు ఒక్కడికేనా? అసూయకు ఆ లెక్కలు పట్టవు.

మరి కన్నతల్లి? బిడ్డ తనదేనని రాజు దాకా వచ్చి కొట్లాడింది. ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. అది రోషం. కాని కత్తి పైకి లేవగానే ఆమె పేగు కదిలింది. బిడ్డను ఆమెకే ఇచ్చేయండి, చంపొద్దు అంది. తన హక్కును వదులుకోవడానికి సిద్ధపడింది కాని బిడ్డ ప్రాణాన్ని వదులుకోలేదు. ప్రేమలోంచి పుట్టిన రోషం తన మాట నెగ్గడం కోసం పోరాడదు, తాను ప్రేమించినవారు బతకడం కోసం పోరాడుతుంది. రాజు చూసింది అదే. తల్లి ఎవరో తేల్చింది కత్తి కాదు, ఆమె వదులుకోవడమే.

దేవుని రోషాన్ని ఈ తల్లి పక్కన నిలబెట్టి చూడండి. ఆయనకు మన దగ్గర లేనిదేముంది గనుక మనల్ని చూసి అసూయపడతాడు? విగ్రహాలను చూసి ఓర్వలేక ఆయన పది ఆజ్ఞల్లో తన రోషం గురించి చెప్పలేదు. ఐగుప్తు బానిసత్వం నుంచి విడిపించి, నిబంధన చేసి తన సొంతం చేసుకున్న ప్రజలు మళ్ళీ మరో బానిసత్వంలోకి నడిచి వెళ్ళిపోతుంటే ఊరుకోలేనని చెప్పాడు (నిర్గమ. 20:2-5). కొడుక్కి ఎవరో గంజాయి అలవాటు చేశారని తెలిసిన తల్లి ఏం చేస్తుంది? ‘వాడి ఇష్టం వాడిది’ అని టీవీ చూస్తూ కూర్చుంటుందా? అర్ధరాత్రయినా వీధిలోకి పరుగెడుతుంది. ఆ పరుగును అసూయ అనగలమా? అసలు పట్టనట్టే ఉండిపోయే తల్లిని చూసి ఆమెకు ప్రేమ ఎక్కువ అనగలమా? ప్రతి క్రిస్మస్‌కూ మనం చదువుకునే యెషయా ప్రవచనం చివర్లో, మనకు శిశువు పుట్టాడన్న ఆ వాగ్దానాన్ని నెరవేర్చేది యెహోవా ఆసక్తేనని ఉంది (యెషయా 9:7). హెబ్రీలో అక్కడున్నదీ రోషమనే మాటే. అంటే బేత్లెహేము పశువుల తొట్టెలో మనం చూసేది కూడా దేవుని రోషమే.

ఇక్కడొక హెచ్చరిక. భార్య ఫోన్ లాక్కుని ప్రతి కాల్‌నూ లెక్కచూసే భర్త ‘దేవుడికే రోషం ఉంది, నాకుంటే తప్పా?’ అంటే, ఆ వాక్యం వెనక దాక్కునే హక్కు అతనికి లేదు. దేవుడు అనుమానంతో రోషపడడు, ఉన్నది ఉన్నట్టు ఎరిగి రోషపడతాడు. తనకోసం మనల్ని నలగ్గొట్టడు, మనకోసం తానే నలిగాడు. అనుమానం ఒథెల్లోది. దాన్ని పరిశుద్ధ గ్రంథంలోకి తీసుకురాకూడదు.

అయితే మన సంఘాల్లో ఇంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. అసూయ తన సొంత పేరుతో చర్చిలోకి రాదు. రోషం అనే చొక్కా తొడుక్కుని వస్తుంది.

యేసును పిలాతు ముందు నిలబెట్టిన ప్రధాన యాజకులు, పెద్దలు తమకు అసూయగా ఉందని అన్నారా? లేదు. అతడు దేవదూషణ చేశాడన్నారు. ధర్మశాస్త్రం అన్నారు. దేవుని మహిమ కోసమే మండిపడుతున్నట్టు ప్రధాన యాజకుడు తన వస్త్రం చించుకున్నాడు. కాని బైబిలెరుగని, దేవుణ్ణి ఎరుగని ఒక రోమా అధిపతికి మాత్రం నిజం స్పష్టంగా తెలిసిపోయింది. వీళ్ళు ఇతణ్ణి అసూయతోనే అప్పగించారని పిలాతుకు తెలుసని మత్తయి, మార్కు ఇద్దరూ రాశారు (మత్తయి 27:18, మార్కు 15:10). ఎంత సిగ్గుచేటు! దేవుని మనుషులమనుకున్న వాళ్ళకు తమ గుండెలో ఏముందో తెలియలేదు. అన్యుడికి తెలిసిపోయింది. మన వీధిలోని అవిశ్వాసులకు కూడా మన సంఘాల గొడవల వెనక ఏముందో తెలుసు. తెలియనిది మనకే!

ఎదురు వీధిలో కొత్త చర్చి వెలుస్తుంది. ఆరు నెలల్లో అక్కడ కుర్చీలు చాలవు. మన సంఘం నుంచి కూడా రెండు కుటుంబాలు అటు వెళతాయి. ఆ మరుసటి ఆదివారం నుంచే మన ప్రసంగాల్లో అబద్ధ బోధకుల గురించిన హెచ్చరికలు మొదలవుతాయి. పాటల బృందంలో నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయికి మైకు ఇస్తే ‘ఆ అమ్మాయిలో భక్తి లేదు, అంతా షో’ అంటాం. తోటి సేవకుడి ప్రసంగాన్ని యూట్యూబ్‌లో లక్షమంది చూస్తే అతని బోధలో లోపం కోసం రాత్రంతా వెదుకుతాం. మేము కూడా దీనికి అతీతులం కాదు. ఒకప్పుడు మాతో కలిసి చదువుకున్న సేవకుణ్ణి ఒక పెద్ద కన్వెన్షన్‌కు వక్తగా పిలిచారు. ఆయన ప్రసంగంలోని సిద్ధాంత దోషాల గురించి వారం రోజులు ఇంట్లో మాట్లాడాం. మాకు నొప్పి పుట్టించింది దోషాలు కావు, పందిట్లోని జనమని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

అలాగని తప్పు బోధను చూసి మౌనంగా ఉండమని కాదు. పౌలు గలతీయుల విషయంలో మౌనంగా ఉండలేదు. ప్రభువు దేవాలయంలో వ్యాపారుల బల్లల్ని పడదోశాడు. సంఘానికి ఇవాళ కూడా అలాంటి రోషం అవసరం. మరి మనలో మండుతున్నది రోషమో అసూయో ఎలా తెలుస్తుంది? మనల్ని మనం ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. మనం విమర్శిస్తున్న ఆ సేవకుడు రేపే తన పొరపాటు దిద్దుకుని, సరైన బోధతో ఇప్పటికంటే పదిరెట్లు ఎక్కువమందిని ప్రభువు దగ్గరికి నడిపిస్తే మనకు సంతోషమేనా? సంతోషమే అయితే అది రోషం. ఆ ఊహకే గుండెలో ఎక్కడో చురుక్కుమంటే మన బాధ ప్రభువు గురించి కాదు, మన గురించే. పౌలు చెరసాలలో ఉన్నప్పుడు కొందరు అసూయతోనే సువార్త ప్రకటించారు, ఆయన సంకెళ్ళకు తోడు మరింత బాధ కలిగించాలని. ఎలాగైతేనేం, క్రీస్తు ప్రకటించబడుతున్నాడు గనుక తాను సంతోషిస్తున్నానని ఆయన రాశాడు (ఫిలిప్పీ. 1:15-18). గలతీయుల విషయంలో మండిన గుండె ఇక్కడ ఆనందించింది. ఆ గుండెలో ఉన్నది రోషమే గాని అసూయ కాదనడానికి ఇంతకన్నా రుజువేముంటుంది?

ఇంగ్లీషులోని ఎన్వీ లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలంలో చూపు ఉంది, కీడు కోరి చూసే చూపు. సౌలు దావీదు మీద నిలిపింది ‘విషపు చూపు’ అని మన బైబిలు కూడా చెబుతుంది (1 సమూ. 18:9). కళ్ళు కుట్టడం, కడుపుమంట, కుళ్ళు అని మన తెలుగువాళ్ళు దీనికి పెట్టుకున్న పేర్లన్నీ ఒంటి నొప్పులే. సామెతల గ్రంథం కూడా మత్సరాన్ని ఎముకల్ని లోపలి నుంచి తినేసే కుళ్ళుతో పోల్చింది (సామెతలు 14:30). అంటే అసూయ ముందుగా చంపేది ఎదుటివాణ్ణి కాదు, దాన్ని మోస్తున్నవాణ్ణే. స్త్రీలు పాడిన ఒక్క పాట విన్నందుకు సౌలు తన మిగతా జీవితమంతా దావీదు వెనక ఈటె పట్టుకుని పరుగెత్తాడు. రాజ్యముండీ ఒక్కరోజు సుఖంగా ఏలుకోలేదు.

అదే ఇంట్లో, అదే పాట విన్న మరొకడున్నాడు. యోనాతాను. నిజానికి దావీదు వల్ల సౌలుకంటే ఎక్కువ నష్టపోయేది అతడే. రావలసిన కిరీటం అతనిది. కాని అతడు తన దుప్పటిని, కత్తిని, విల్లును, నడికట్టును తీసి దావీదుకిచ్చాడు (1 సమూ. 18:4). తర్వాత అరణ్యంలో దావీదును కలిసి, నువ్వే రాజువవుతావు, నేను నీకు రెండోవాణ్ణిగా ఉంటానన్నాడు (1 సమూ. 23:17). తండ్రి చేతిలో ఈటె, కొడుకు చేతిలో అంగీ! ఇద్దరి ముందున్నదీ ఒకే దావీదు. బాప్తిస్మమిచ్చే యోహాను కూడా ఇలాగే నిలబడ్డాడు. జనమంతా యేసు దగ్గరికి వెళ్ళిపోతున్నారని శిష్యులు వాపోతే, తాను పెండ్లికుమారుని స్నేహితుణ్ణి మాత్రమేనని, ఆయన స్వరం వినడమే తన సంతోషమని చెప్పాడు (యోహాను 3:26-30). పెండ్లికుమార్తె ఎవరిదో తెలిసినవాడికి అసూయ ఉండదు. సంఘం మనది కాదు, క్రీస్తుది. ఇది మరిచిన రోజే మన రోషం కుళ్ళడం మొదలవుతుంది.

మన నేల మీదే డోర్నకల్ బిషప్ అజరయ్య గారు సంఘాల ఐక్యత కోసం పాటుపడి, దాన్ని కళ్ళారా చూడకుండానే 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి వెళ్ళారు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. తాను విత్తితే మరొకరు కోస్తారని తెలిసీ విత్తగలిగినవారే దేవుని పొలంలో పనివారు.

కనుక ఈ వారం ఒక పని చేద్దాం. ఎవరి పేరు వినగానే మన ముఖం మాడుతుందో, వారి పేరు పెట్టి, వారి పరిచర్య ఇంకా వర్ధిల్లాలని మోకాళ్ళ మీద ప్రార్థిద్దాం. మొదటి రోజు మాట పెగలదు. ఫర్వాలేదు. ఆ పెగలని మాట దగ్గరే మన రోగం ఉందని తెలుస్తుంది. వైద్యుడు అక్కడే చెయ్యి వేస్తాడు.

కల్వరి కొండ మీద ఈ రెండూ కలుసుకున్నాయి. మనుషుల అసూయ ప్రభువును సిలువకు అప్పగించింది. మనల్ని ఎవరికీ వదులుకోలేని దేవుని రోషం ఆ సిలువను మనకోసం భరించింది. ఆ నాయనమ్మ మాటే నిజం. ఆ రోషమే లేకపోతే ఆయన మనల్ని ఎప్పుడో వదిలేసేవాడు. అసూయను విడిచి, ఆ ప్రేమను ధరించుకునే కృప ప్రభువు మనందరికీ అనుగ్రహించును గాక! ఆమేన్.